కనిపించని కవచం

పాఠ్యభాగ పరిచయం

ఇది వైజ్ఞానిక వ్యాసం. కారు రంగును కాపాడే పాలిమర్ పూతల స్వభావం, అవి పనిచేసే తీరు, వాటి హద్దులు, వాటితో పనిచేసే శ్రామికుల క్షేమం ఇందులోని ప్రధానాంశాలు. నిత్యజీవితంలో కంటికి కనిపించే మెరుపు వెనుక ఉన్న శాస్త్రాన్ని గ్రహింపజేయడం, ప్రకటనలలోని మాటలను పరీక్షించి చూసే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి గన్నవరం మీదుగా సాగిపోతుంది. విజయవాడ విమానాశ్రయం ఈ రహదారి పక్కనే ఉన్నది. విమానం దిగే బంధువుల కోసం వచ్చిన కార్లు, అద్దె కార్లు అక్కడ గంటల తరబడి మండుటెండలో నిలిచి ఉంటాయి. కృష్ణా డెల్టాలో నడివేసవిన గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకే రోజులు ఉంటాయి. అటువంటి రోజున ఎండలో నిలిచిన ముదురు రంగు కారు పైకప్పు 70 డిగ్రీలను కూడా దాటి కాగుతుంది. ఎండకాలం గడిస్తే వానలు, తేమ. వరికోతలు మొదలైతే గడ్డి నుసి, దుమ్ము. ధాన్యపు మిల్లుల పరిసరాలలో ఊకబూడిద. బందరు వైపు వెళ్లేకొద్దీ సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు. ఏడాది పొడవునా వీటిలో ఏదో ఒకటి కారు ఒంటిని తాకుతూనే ఉంటుంది.

అయినప్పటికీ సరిగా చూసుకొన్న కారు పదేళ్ల తరువాత కూడా కొత్తదానివలె మెరుస్తుంది. ఆ మెరుపునకు మూలం రంగు కాదు. రంగుకు పైన, గాజువలె పారదర్శకంగా పరచుకొని ఉన్న ఒక పలుచని పొర. ఆ పొర పాలిమర్‌తో తయారైనది. దాని మందం దినపత్రిక కాగితం మందం కన్న తక్కువ. అది అరిగిపోతే తిరిగి పెరగదు. ఈ రెండు సంగతులను గుర్తుంచుకొన్నవారికి కారు రంగు సంరక్షణలోని శాస్త్రం సులువుగా బోధపడుతుంది.

పాలిమర్ - పూలమాల, చేపలవల

‘పాలిమర్’ అనే మాట గ్రీకు భాష నుండి వచ్చింది. ‘పాలి’ అంటే అనేకం. ‘మెరోస్’ అంటే భాగం. అనేక చిన్న భాగాలు కలిసి ఏర్పడిన పెద్ద అణువు పాలిమర్. అందుకే దీనిని బృహదణువు అని కూడా అంటారు. ఒక్కొక్క చిన్న అణువును మోనోమర్ అంటారు. విడిపూవు మోనోమర్ అనుకొంటే, వందల పూలను వరుసగా గుచ్చిన మాల పాలిమర్. ఇటువంటి పొడవైన అణువులు నిజంగా ఉన్నాయని 1920లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది అంగీకరించలేదు. తరువాతి కాలంలో ఆయన మాటే నిజమని తేలింది. 1953లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పాలిమర్లు రెండు తెరగులు. కొన్నింటిలో అణువుల మాలలు విడివిడిగా, ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. వేడి చేస్తే ఆ మాలలు ఒకదానిపై ఒకటి జారి పదార్థం మెత్తబడుతుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. వీటిని థర్మోప్లాస్టిక్ పాలిమర్లు అంటారు. మరికొన్నింటిలో ఒక మాలకు మరొక మాలకు నడుమ రసాయనిక బంధాలు ముడులు వేస్తాయి. అప్పుడు అది మాలల కుప్పగా ఉండక చేపలవలగా మారుతుంది. వలలోని దారాలు అటూ ఇటూ కదలవచ్చు గాని, ముడి తెగితే తప్ప విడిపోవు. ఇటువంటివి థర్మోసెట్ పాలిమర్లు. కారు మీది పారదర్శక పూత ఈ రెండవ తెగకు చెందినది. అందుకే పెట్రోలు చుక్క పడి వెంటనే తుడిచినా, ఎండ తగిలినా ఆ పూత కరిగిపోదు.

పాలిమర్ పూత తెలుగువారికి కొత్తది కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవారు పొణికి చెక్క ముక్కలను అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దను వాడతారు. చింతగింజలోని జిగురు ఒక సహజ పాలిమర్. ఏటికొప్పాక బొమ్మలకు నునుపు, మెరుపు తెచ్చే లక్క కూడా సహజమైన జిగురు పదార్థమే. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఒత్తినప్పుడు రాపిడి వేడికి అది కరిగి, పలుచని పొరగా పరచుకొని, చల్లారి గట్టిపడుతుంది. చెక్కకు రంగును, రక్షణను ఒకే పూతతో సమకూర్చిన ఆ పనివాని నేర్పులోనే నేటి పూతల శాస్త్రానికి మూలసూత్రం ఉన్నది.

కుంచె నుండి తొట్టి దాకా

మోటారు కార్లు వచ్చిన తొలినాళ్లలో వాటికి గుర్రపు బగ్గీలకు వేసే వార్నిషునే కుంచెతో వేసేవారు. అవిసెనూనె వంటి నూనెలతో చేసిన ఆ వార్నిషు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడేది. పూత మీద పూత వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1920ల నడుమ అమెరికాలో నైట్రోసెల్యులోజ్ లక్కరు వాడుకలోకి వచ్చింది. దానిని యంత్రంతో చల్లవచ్చు, గంటలలో ఆరిపోతుంది. నల్లరంగు తప్ప మరొకటి అరుదైన రోజులు పోయి, రంగురంగుల కార్లు వీధికెక్కడానికి ఈ లక్కరే దోహదం చేసింది. తరువాత ఆల్కిడ్ ఎనామెళ్లు, ఆక్రిలిక్ పూతలు వచ్చాయి. 1937లో జర్మనీకి చెందిన ఒట్టో బేయర్, ఆయన సహచరులు పాలీయురిథేన్‌ను కనుగొన్నారు. నేడు షెడ్డులలో కార్లకు వేసే పారదర్శక పూతలకు అదే ఆధారం.

పూర్వం రంగు, మెరుపు ఒకే పూతలో కలిసి ఉండేవి. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కార్లలో పాతవాటిని చూసినవారికి ఈ సంగతి అనుభవమే. ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన పాత కారును వేలితో రుద్దితే వేలికి రంగుపొడి అంటుకొనేది. రంగురేణువులను పట్టి ఉంచిన పాలిమర్ ఎండకు శిథిలమై, రేణువులు ఊడిరావడం దానికి కారణం. ఈ లోపాన్ని సవరించడానికి 1980లలో రెండు పూతల పద్ధతి విస్తారంగా వాడుకలోకి వచ్చింది. కింద రంగు, పైన రంగు లేని రక్షణ పూత. కింది పూతను బేస్ కోట్ అని, పై పూతను క్లియర్ కోట్ అని వ్యవహరిస్తారు.

2019లో పెనుకొండ వద్ద కియా కర్మాగారంలో కార్ల తయారీ మొదలైంది. 2025 మార్చిలో గన్నవరానికి సమీపంలోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. ఈ విధంగా వాహనాల తయారీ తెలుగునేలపై విస్తరిస్తున్న కొద్దీ పూతల శాస్త్రం తెలిసినవారి అవసరమూ పెరుగుతున్నది.

నాలుగు పొరల నిర్మాణం

నేటి కార్ల కర్మాగారాలలో ఉక్కు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలు వేస్తారు. మొదట రేకును శుభ్రపరచి, ఫాస్ఫేటు ద్రావణంతో సిద్ధం చేస్తారు. తరువాత కారు చట్రాన్నంతటినీ ఎపాక్సీ పాలిమర్ కలిపిన నీటి తొట్టిలో ముంచి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. విద్యుదావేశం గల పాలిమర్ రేణువులు లోహం వైపు కదిలి, చేయి దూరని సందులలో సైతం అంటుకొంటాయి. తుప్పును అడ్డగించేది ముఖ్యంగా ఈ తొలిపొరయే. దాని మీద ప్రైమర్, దాని మీద బేస్ కోట్, అన్నిటికీ పైన క్లియర్ కోట్ వేసి, కొలిమి గదులలో కాల్చి గట్టిపరుస్తారు.

ఈ నాలుగు పొరలూ కలిసి సుమారు 100 నుండి 140 మైక్రోమీటర్ల మందం ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రోమీటరు. అందులో తొలిపొర సుమారు 20, రంగుపొర సుమారు 15, పై క్లియర్ కోట్ 40 నుండి 50 మైక్రోమీటర్లు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొనే రసాయనాలను ఈ క్లియర్ కోట్‌లోనే కలుపుతారు. వాటికి తోడుగా ‘హాల్స్’ అని పిలిచే మరొక రకం రసాయనాలు ఉంటాయి. కిరణాల తాకిడికి పాలిమర్ బంధం తెగినప్పుడు పుట్టే చురుకైన అణుశకలాలను ఇవి పట్టి శాంతింపజేస్తాయి. అందుచేత ఒక చోట మొదలైన తెగుదల వలయంతటా పాకదు. క్లియర్ కోట్ పలుచబడిన కొద్దీ ఈ రక్షక రసాయనాలు కూడా తరిగిపోతాయి. మెరుపు కోసం పదేపదే అరగదీసిన కారు కొన్నేళ్లకు పొలుసులు రాలినట్లు పైపూతను విడవడానికి ఇదొక కారణం.

రంగుకు పొంచి ఉన్న ఆపదలు

ఎండ అన్నిటికన్న పెద్ద ఆపద. అయితే ఎండ ఒంటరిగా రాదు. వేడి, వెలుతురు, తేమ మూడూ కలిసి పాలిమర్ బంధాలను మెల్లమెల్లగా తెంచుతాయి.

రెండవది పక్షి రెట్ట. నీడ కోసం కారును వేపచెట్టు కింద నిలపడం డెల్టా ప్రాంతంలో మామూలు. చెట్టు నీడ ఎండ నుండి కాపాడుతుంది గాని, కొమ్మల మీది పక్షుల నుండి కాపాడదు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. అంతకు మించి, వేడికి కొంత మెత్తబడిన పైపూత మీద రెట్ట ఎండి బిగుసుకొంటుంది. సాయంత్రం పూత చల్లబడి కుదించుకొనేటప్పుడు ఆ రెట్ట ఆకారం పూత మీద ముద్రగా నిలిచిపోతుంది. ఎండిన రెట్టను గోటితో గీకడం, పొడిగుడ్డతో రుద్దడం తప్పు. తడిగుడ్డను దాని మీద కొంతసేపు పరచి, మెత్తబడిన తరువాత ఎత్తివేయాలి.

మూడవది ధూళి. కృష్ణ ఇసుకలో ప్రధానభాగం క్వార్ట్జ్. ధాన్యపు ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికా. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాల బూడిదలోనూ సిలికా ఉంటుంది. ఇవన్నీ పాలిమర్ కన్న కఠినమైనవి. కారు మీద ధూళి ఉండగా పొడిగుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ ఉప్పుకాగితం చేసే పనే చేస్తుంది. ఎండలో చూసినప్పుడు సాలెగూడు ఆకారంలో కనిపించే సన్నని గీతలు చాలావరకు ఇలా తుడవడం వలన పడినవే.

నాలుగవది నీరు. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే, బొట్టు ఆరిన చోట తెల్లని మచ్చ మిగులుతుంది. ఎండలో కారు కడిగి ఆరనిచ్చే అలవాటు వలన ఈ మచ్చలు గట్టిపడి, తుడిచినా పోని స్థితికి వస్తాయి.

మైనం నుండి సిరామిక్ దాకా

క్లియర్ కోట్‌ను కాపాడటానికి దానిపై మరొక పూత వేయడమే డీటెయిలింగ్ అనే వృత్తిలోని కీలకాంశం. పై పూత తాను అరిగి కింది పూతను నిలబెట్టాలి. పొలానికి కంచె వంటిదే ఈ పూత. కంచె పాడైతే మళ్లీ కట్టుకోవచ్చు. పైరు పోతే ఆ కారు మళ్లీ రాదు.

ఈ పూతలలో అన్నిటికన్న పాతది మైనం. బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుండి లభించే కార్నౌబా మైనం దీనికి ప్రసిద్ధం. అది చక్కని మెరుపునిస్తుంది. అయితే సుమారు 82 నుండి 86 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. దానితో కలిపే నూనెలు, ద్రావణుల మూలంగా అంతకన్న ముందే మెత్తబడుతుంది. కారు పైకప్పు 70 డిగ్రీలు దాటే చోట మైనపు పూత కొద్ది వారాలకన్న మించి నిలవదు.

దాని తరువాత వచ్చినవి సిలికాన్ పాలిమర్లు. వీటి వెన్నెముక కార్బన్ గొలుసు కాదు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన గొలుసు. ఆ బంధం బలమైనది. వేడిని, అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకొంటుంది. పైగా నీటిని దరి చేరనివ్వదు. తామరాకు మీది నీటిబొట్టు అనే ఉపమానం తెలుగువారికి సుపరిచితం. తామరాకు మీద మైనపు పూత గల అతిసూక్ష్మమైన గరుకులు ఉంటాయి. బొట్టు వాటి మొనలపై మాత్రమే ఆనుతుంది గనుక జారిపోతుంది. కారు మీది సిలికాన్ పూత నునుపైనది. ఆకు వలె గరుకుగా ఉండదు. అందుచేత దాని మీద కూడా నీరు బొట్లు కడుతుంది గాని, తామరాకుతో సరితూగదు.

నేడు విరివిగా వినిపిస్తున్న మాట సిరామిక్ కోటింగ్. పేరు చూసి దీనిని పింగాణీ అనుకోరాదు. సైలేన్, సైలాజేన్ జాతి రసాయనాలను గుడ్డతో పూసినప్పుడు అవి గాలిలోని తేమతో చర్య జరిపి, ఒకదానితో ఒకటి ముడిపడి, సిలికాన్-ఆక్సిజన్ వలగా గట్టిపడతాయి. అంటే పేరు సిరామిక్ అయినా ఇదీ పాలిమర్ కుటుంబపు వలయే. తేమ ఎక్కువగా ఉన్న రోజున ఈ చర్య త్వరగా సాగుతుంది. పూసిన పదార్థాన్ని వేళకు తుడవకపోతే చారలు గట్టిపడి మిగిలిపోతాయి. కృష్ణా తీరపు ఉక్కపోతలో పనిచేసేవారు ఒకేసారి తలుపు మొత్తానికి పూయక, కొద్ది కొద్ది భాగాలుగా పూయవలసి రావడానికి ఇదే కారణం. ఇలా ఏర్పడే పొర మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రోమీటర్లకు మించదు.

మరొక రక్షణ పాలీయురిథేన్ ఫిల్మ్. ఇది థర్మోప్లాస్టిక్ తెగకు చెందిన పారదర్శకమైన రేకు. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక కోత నుండి కాపాడటానికి ఇటువంటి ఫిల్మ్‌లను వాడారు. తరువాత అవి కార్లకు వచ్చాయి. వీటి మందం 150 నుండి 200 మైక్రోమీటర్లు ఉంటుంది గనుక రహదారి మీద ఎగిరివచ్చే చిన్నరాళ్ల దెబ్బను కూడా ఇవి ఓర్చుకొంటాయి. వీటి పైపొరలోని పాలిమర్ సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం కలది. సన్నని గీత పడితే ఎండ వేడికి దానంతట అదే పూడుకొంటుంది. అయితే ఫిల్మ్‌ను చీల్చుకొని లోపలికి దిగిన గాటు పూడదు.

మాటలు, నిజాలు

అమ్మేవారి మాటలను శాస్త్రజ్ఞానంతో తూచి చూడటం కొనుగోలుదారుకు అవసరం. ‘తొమ్మిది హెచ్ కాఠిన్యం’ అనే మాట సిరామిక్ కోటింగ్ ప్రకటనలలో తరచు కనిపిస్తుంది. ఇది పెన్సిళ్లతో చేసే పరీక్షకు సంబంధించిన కొలత. తొమ్మిది హెచ్ అనే గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. పెన్సిల్ ములుకు గ్రాఫైటు, బంకమన్నుతో చేసినది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మాపకంలో క్వార్ట్జ్ స్థానం 7. పెన్సిల్ ములుకు దాని దరిదాపులకు రాదు. కనుక పెన్సిల్‌కు లొంగని పూత ఇసుకరేణువుకు లొంగిపోతుంది. రెండు కొలతలలో అంకెలు ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావు.

టెఫ్లాన్ పూత విషయమూ ఇటువంటిదే. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న ఈ పాలిమర్ 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. వంటపాత్రలకు అంటుకోని పొరగా దీనిని వేసేటప్పుడు అంతకు మించిన వేడిలో కాలుస్తారు. కారు మీద అటువంటి వేడి కల్పిస్తే రంగే మిగలదు. కాబట్టి పాలిష్‌లో కలిపిన టెఫ్లాన్ పొడి పెనం మీది పూతవలె కారు మీద పొర కట్టదు.

నీరు బొట్లు కట్టడం కూడా సంపూర్ణ రక్షణకు గుర్తు కాదు. నిలిచిన బొట్టు ఆరితే లవణం మచ్చగా మిగులుతుంది. ఎంత ఖరీదైన పూత వేసినా, కడిగిన తరువాత మెత్తని గుడ్డతో నీటిని అద్దక తప్పదు.

గీతలు పోగొట్టే బఫింగ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గీత పోయిందంటే అది పూడిందని కాదు. గీత లోతు వరకు చుట్టూ ఉన్న పైపూతను అరగదీశారని అర్థం. లోతైన గీతకు గట్టి కంపౌండ్ వాడితే ఒక్కసారికే కొన్ని మైక్రోమీటర్లు పోతాయి. మొత్తం ఉన్నదే 40 నుండి 50 మైక్రోమీటర్లు. పంట చేతికి రాకముందే విత్తనపు గింజలు వండుకొన్న రైతు వలె, ఏటేటా మెరుపు కోసం పైపూతను ఖర్చుచేసుకొన్న యజమాని చివరకు మెరుపునూ రంగునూ కోల్పోతాడు. పనితెలిసినవారు ముందుగా మందం కొలిచే పరికరంతో పూతను పరీక్షించి, ఎంత అవసరమో అంతే అరగదీస్తారు.

పనివాని ఊపిరి

కారు మెరుపు గురించి మాట్లాడేవారు ఆ మెరుపును తెచ్చిన మనిషిని మరువరాదు. లారీ, బస్సు బాడీల పనికి పేరుపడిన విజయవాడ ఆటోనగర్ మొదలుకొని రహదారి పక్కని చిన్న షెడ్డుల దాకా టింకరింగ్, పెయింటింగ్ పనులతో జీవించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. షెడ్డులో వేసే క్లియర్ కోట్ రెండు డబ్బాలలో వస్తుంది. ఒక దానిలో జిగురు, మరొక దానిలో హార్డెనర్. ఈ హార్డెనర్‌లో ఐసోసయనేట్ జాతి రసాయనాలు ఉంటాయి. రెండూ కలిసినప్పుడు పాలీయురిథేన్ వల ఏర్పడుతుంది.

పూర్తిగా గట్టిపడిన పాలిమర్ వలన సాధారణంగా అపాయం ఉండదు. అపాయమంతా వలలో ఇంకా ముడిపడని చిన్న అణువులలో ఉంటుంది. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో తెలుగునేల ఒక విషాదం ద్వారా తెలుసుకొన్నది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక పాలిమర్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. స్టైరీన్ మోనోమర్. దాని నుండి తయారయ్యే పాలీస్టైరీన్‌ను ప్రజలు నిత్యం చేత పట్టుకొంటూనే ఉంటారు. పూసలుగా ఉన్నప్పుడు ప్రాణాంతకమైనదే, మాలగా మారిన తరువాత చేతి వస్తువు అయింది. 1984లో భోపాల్‌లో వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేట్ కూడా ఐసోసయనేట్ జాతిదే. రంగుల హార్డెనర్‌లో వాడేవి అంత త్వరగా ఆవిరి అయ్యేవి కావు. కాని యంత్రంతో చల్లినప్పుడు అవి సన్నని తుంపరలుగా గాలిలో తేలి ఊపిరితిత్తులలోకి పోతాయి.

ఐసోసయనేట్ తుంపరలను పీల్చేవారికి ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉన్నది. ఒకసారి శరీరం వాటిని సహించలేని స్థితికి చేరిందంటే, ఆ తరువాత అతి స్వల్ప పరిమాణం కూడా ఊపిరి సలపనివ్వదు. అటువంటివారు చేతిలోని విద్యను విడిచి వేరే పని వెతుక్కోవలసి వస్తుంది. వాసనను బట్టి ప్రమాదాన్ని గుర్తించడం సాధ్యం కాదు. ముక్కుకు కట్టుకొన్న రుమాలు ధూళిని కొంత ఆపవచ్చు గాని ఈ తుంపరలను ఆపలేదు. బయటి నుండి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు, గాలిని బయటకు లాగే పంకాలు గల ప్రత్యేకమైన గది, చేతులకు తొడుగులు ఉండాలి. చల్లే పని జరిగే చోటికి పిల్లలను, ఇతర పనివారిని రానీయరాదు. కారు పూతకు కవచం వేయించే యజమాని, ఆ కవచం వేసే పనివానికీ ఒక కవచం ఉన్నదా అని అడిగితే, ఆ ప్రశ్న ఒక కుటుంబపు జీవనాధారాన్ని నిలబెట్టవచ్చు.

చదువు, చేతిపని

పాలిమర్ల చదువుకు గన్నవరం ప్రాంతం దూరం కాదు. 1968లో మద్రాసులో ఆరంభమైన కేంద్రప్రభుత్వ సంస్థ ‘సిపెట్’ తన శాఖలలో ఒకదానిని గన్నవరం మండలం సూరంపల్లిలో నెలకొల్పింది. ప్లాస్టిక్కుల తయారీ, అచ్చుల రూపకల్పన, పరీక్షల పద్ధతులలో ఈ సంస్థ శిక్షణనిస్తుంది. పదవ తరగతి తరువాత చేరదగిన డిప్లొమాలు కూడా అందులో ఉన్నాయి. షెడ్డులో చూసి నేర్చుకొన్న చేతిపనికి తరగతి గదిలో నేర్చుకొన్న రసాయన శాస్త్రం తోడైతే, పనివాడు ‘ఎలా’ అనే ప్రశ్నతో పాటు ‘ఎందుకు’ అనే ప్రశ్నకు కూడా సమాధానం చెప్పగలుగుతాడు.

కారు రంగును కాపాడుకోవడానికి చేయవలసిన పనులు నిజానికి కొద్దివే. ముందు నీటితో ధూళిని జారవిడవాలి. తరువాతనే గుడ్డతో తాకాలి. నీడలో కడగాలి, వెంటనే అద్ది ఆరబెట్టాలి. రెట్టను, చెట్ల జిగురును పడిన రోజే తొలగించాలి. అరగదీయడం కన్న పూత వేయడం మేలని గుర్తించాలి. వేసిన పూత శాశ్వతం కాదని తెలుసుకొని, వేళకు మళ్లీ వేయాలి. ఖరీదైన పూతకన్న ఈ అలవాట్లే ఎక్కువ కాలం రంగును నిలుపుతాయి.

దినపత్రిక కాగితం కన్న పలుచనైన ఒక పొర వేసవి ఎండకు, వరికోతల ధూళికి, సముద్రపు ఉప్పుగాలికి ఎదురొడ్డి ఏళ్లపాటు నిలుస్తున్నది. చిన్న అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వలగా ఏర్పడటంలోనే దాని బలమంతా ఉన్నది. ఆ వల తెగకుండా చూసుకోవడం యజమాని వివేకం. ఆ వలను అల్లే చేతులు, ఊపిరి చల్లగా ఉండేటట్లు చూడటం సమాజం బాధ్యత.

కఠిన పదాలు - అర్థాలు

తెరగు = విధము
దోహదం = తోడ్పాటు
శిథిలమగు = పాడగు, జీర్ణించు
శకలము = ముక్క, తునక
విరివిగా = విస్తారంగా
ద్రావణి = మరొక పదార్థాన్ని తనలో కరిగించుకొనే ద్రవం
కాఠిన్యం = గట్టితనం
మాపకం = కొలిచే సాధనం, కొలబద్ద
తుంపర = సన్నని నీటిబిందువు
ఉబ్బసం = ఊపిరి సలపని వ్యాధి, ఆయాసం

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కారు రంగుకు పొంచి ఉన్న ఆపదలను, వాటి నివారణోపాయాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. మైనం, సిరామిక్ కోటింగ్, పాలీయురిథేన్ ఫిల్మ్‌ల గుణాలను, పరిమితులను పోల్చి రాయండి.
3. ‘పనివానికీ ఒక కవచం ఉన్నదా?’ అనే ప్రశ్న ఎందుకు ముఖ్యమైనదో చర్చించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పూలమాల, చేపలవల అనే పోలికల ద్వారా పాఠం తెలిపిన శాస్త్రవిషయం ఏమిటి?
2. ‘తొమ్మిది హెచ్’ పూత ఇసుకకు ఎందుకు లొంగుతుంది?
3. తామరాకుకు, సిలికాన్ పూతకు గల భేదం ఏమిటి?
4. బఫింగ్‌ను పదేపదే చేయించడం వలన కలిగే నష్టం ఏమిటి?

ఇ. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బృహదణువులను గురించి ప్రతిపాదించిన శాస్త్రవేత్త ఎవరు?
2. క్లియర్ కోట్ మందం ఎంత ఉంటుంది?
3. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చే పదార్థం ఏది?
4. గన్నవరం మండలంలో సిపెట్ శాఖ ఏ గ్రామంలో ఉన్నది?

ఈ. క్రింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.
విమానాశ్రయం, ఉష్ణోగ్రత, బృహదణువు, మండుటెండ, ప్రధానాంశం

ఉ. క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
వేపచెట్టు, ఊకబూడిద, చిన్నరాళ్లు, నాలుగు పొరలు

ఊ. ప్రాజెక్టు పని
మీ ఊరిలో వాహనాలకు రంగువేసే షెడ్డు ఒకదానిని పెద్దల అనుమతితో, పని జరగని వేళ సందర్శించి, అక్కడ వాడే పూతల పేర్లు, పనివారు పాటించే జాగ్రత్తలు, పాటించవలసిన జాగ్రత్తలు తెలుపుతూ ఒక నివేదిక రాయండి.